కళ్ళు మూసుకుంటే బండి ఆగదు

"క్లచ్ మెల్లగా వదలమన్నాను రా, చెయ్యి కాలినట్టు వదలమన్లేదు!"

ఇసింగ్ అరుపు కొబ్బరితోట దాటి మొక్కజొన్న చేను దాకా వినపడింది. ఈలోగా నోనోయ్ బండితో సహా గేదెలు పొర్లే బురదగుంటలోకి వెళ్ళిపోయాడు. బండి ఆగింది. నోనోయ్ ఇంకాస్త ముందుకు వెళ్ళి ఆగాడు.

ఇసింగ్‌ని ఎరగనివాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. మొగుడు పోయిన దగ్గర్నుంచీ అద్దె మోటార్‌సైకిల్ నడుపుతోంది. జీపులు ఎక్కలేని కొండదారిలో ఒక్క బండి మీద నలుగురు మనుషుల్నీ, వాళ్ళ ఒళ్ళో ఒక పందిపిల్లనీ పైకి చేరుస్తుంది. అలాంటి మనిషి కడుపున పుట్టినవాడికి ఈ బుల్లి బండి లొంగడం లేదంటే ఆవిడకి తల కొట్టేసినట్టుగా ఉంది.

పైగా వ్యవధి లేదు. తెల్లారితే కొండ మీది లంతావాన్ ఊళ్ళో పండగ.

"పోయినవారం నా నడుం పట్టుకుని కొండెక్కావు. మీ అత్త ఏమందో విన్నావుగా? 'వదినా, పాలసీసా కూడా తెచ్చావా?' అంది. ఊరంతా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. రేపు నీ అంతట నువ్వే నడుపుకుంటూ వెళ్ళాలి. తెల్లబట్టల మీద చిన్న మరక పడిందా, ఊరుకోను."

"నేను వెళ్ళలేకపోతే ఏమవుతుందమ్మా?" అన్నాడు నోనోయ్, చెవిలో బురద తీసుకుంటూ.

"పండగే ఉండదు. మీ మావయ్య పందిని కట్టేసుకుని కూర్చున్నాడు. నువ్వొస్తేనే కాలుస్తాడట."

కొడుకు సంగతి వచ్చేసరికి తల్లులు ఒకటికి నాలుగు కలిపే చెబుతారు. ఇసింగ్ అందులో ఎవరికీ తీసిపోదు.

నోనోయ్ మళ్ళీ ఎక్కాడు. బండి పొట్టిది, కాళ్ళు పొడుగు. మోకాళ్ళు హ్యాండిల్‌కి కొట్టుకుంటున్నాయి.

"గతుకులొస్తే కూర్చోకూడదు. లేచి నిలబడు. మోకాళ్ళు వంచు. అదీ నేనే నేర్పాలిట్రా నీకు?"

వంచాడు. ఆ ఒక్కటీ బాగానే వంచాడు.

"గుంట వైపు చూడకు. చూపెటో బండి అటు!"

గుంట వైపే చూశాడు. బండి అటే తిరిగింది. భయమేసి రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని, పెదాలు కదపడం మొదలుపెట్టాడు.

"ఒరే దున్నపోతా! కళ్ళు మూసుకుంటే బండి ఆగదురా! బ్రేకు దేవుడు వెయ్యడు, నువ్వే వెయ్యాలి!"

ఈసారి అడ్డం వచ్చింది పక్కింటి అంబో పెంచే పందెం కోడి. అంబో పెళ్ళాన్ని విసుక్కుంటాడు గానీ, ఆ పుంజుని ఒక్కనాడూ పల్లెత్తు మాట అనలేదు. పుంజు ప్రాణాలతో బయటపడింది. తోకలో సగం చక్రం కింద ఉండిపోయింది.

అంబో కర్ర పుచ్చుకుని, నోటినిండా బూతులతో పరుగెత్తుకొచ్చాడు. బురదలోంచి లేస్తున్న నోనోయ్‌ని చూశాడు. బూతుల్ని గుటకేసి మింగాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నీ పుంజుకి తోక ముందే ఊడుతోంది మావా. నిన్ననే చూశాను," అంది ఇసింగ్ నడుం మీద చేతులు పెట్టుకుని.

"ఊడుతూనే ఉండుంటుందిలే ఇసింగ్," అని అంబో వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఇసింగ్ నోటికి జడవని మగాడు ఆ ఊళ్ళో ఇంకా పుట్టలేదు.

"అబద్ధం ఎందుకమ్మా?" అన్నాడు నోనోయ్, పుంజు వెళ్ళినవైపు చేతులు జోడిస్తూ.

"నీ మూలానే!" అని ఇసింగ్ చెప్పు తీసి హెల్మెట్ మీద ఒక్కటిచ్చింది. కొబ్బరిచెట్ల వెనక నక్కిన పిల్లలు పైకి నవ్వితే పాపం తగులుతుందన్నట్టు నోళ్ళు నొక్కుకుని మెలికలు తిరిగారు.

అన్నం, ఎండుచేప తిన్నాక ఎర్రమట్టి మిట్ట దగ్గరికి తీసుకెళ్ళింది. అసలు పరీక్ష అదే. రేపటి దారంతా అలాగే ఉంటుంది.  ఇసింగ్ బింకంగా అంది.

"పోరా. పడితే నేను లేపను."

నోనోయ్ లేచి నిలబడ్డాడు. మోకాళ్ళు వంచాడు. గుంటలేవీ చూడకుండా, పైన చివర ఉన్న వెదురుపొద వైపే చూశాడు. బండి ఒకసారి జారింది, ఒకసారి మూలిగింది, తర్వాత బుద్ధిగా పైకెక్కింది. వెదురుపొద దగ్గర్నుంచి హారన్ మోగింది.

ఇసింగ్ ఉన్నచోటే కూలబడి బావురుమంది. వాడు మొదటి అడుగు వేసినప్పుడు కూడా ఇలాగే ఏడ్చింది.

"నా బంగారుకొండే! రేపు మీ అత్త మొహం ఎక్కడ పెట్టుకుంటుందో చూస్తాను!"

సాయంత్రం స్నానం చేసి, తలమీద ముసుగేసుకుని చర్చికి వెళ్ళింది. పండగ ముందురోజు ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోకుండా ఆవిడ ఎప్పుడూ ఉండదు. ఫాదర్ కూర్చునే గది చెక్క జాలీ ముందు మోకాళ్ళు వంచి, గొంతు తగ్గించి మొదలుపెట్టింది.

"పాపం చేశాను. కన్నకొడుకుని దున్నపోతన్నాను. చెప్పుతో కొట్టాను. కోడిపుంజు తోక గురించి అబద్ధమాడాను. ఆడబిడ్డ మొహం మాడిపోవాలని కోరుకున్నాను. ఇంకా ఉన్నాయి గానీ, ఇప్పుడు గుర్తు రావడం లేదు."



మెడలో ఊదారంగు పట్టీతో జాలీ వెనక కూర్చున్న ఫాదర్ నోనోయ్, కమిలిన మోచెయ్యి రుద్దుకుంటూ, "దేవుడు నిన్ను క్షమించాడమ్మా, ప్రాయశ్చిత్తంగా రేపు నా వెనక కూర్చుని కొండెక్కి దిగేదాకా నోరు తెరవకు," అన్నాడు.