నీలం కప్పు

తాళం తీసి చేతిలో పట్టుకున్నా ఇంజిన్ ఆగలేదు.

డార్సీ తాళం కేసి చూశాడు. ఇంజిన్ కేసి చూశాడు. చివరికి అక్క కేసి చూశాడు.

"ఆపరా బాబూ!" నోలీన్ చెవులు మూసుకుంది.

"నేను ఆపేశాను నోలీ. దానికే తెలీడం లేదు."

మూడు వారాలుగా అక్కాతమ్ముడూ షెడ్డులోనే పడి ఉన్నారు. నాన్న వాడిన పికప్ బండిలోంచి పెట్రోలు ఇంజిన్ పీకేసి, లాంగ్‌రీచ్ ఊళ్ళో పాత బళ్ళ యార్డు నుంచి తెచ్చిన చిన్న లారీ డీజిల్ ఇంజిన్ బిగించారు. పెట్రోలు కావాలంటే నూట ఎనభై కిలోమీటర్లు పోవాలి. డీజిల్ అయితే పెరటి ట్యాంకులో నిండుగా ఉంది.

పైగా దిగువ మేతబీడులో బోరు మోటారు కాలిపోయింది. కొత్తది మంగళవారం గానీ రాదు. రేపు ఈ బండి మీద నీళ్ళు వేసుకుని గుట్ట దిగకపోతే నలభై ఆవులూ, వాటి దూడలూ దాహంతో చచ్చిపోతాయి.

ఎప్పుడొచ్చాడో, నలిగిన టోపీ పెట్టుకున్న ముసలాయన ఒకడు గేటు దాటి నడుచుకుంటూ వచ్చాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. బానెట్ కింద చెయ్యి పెట్టి, ఇంధనం పంపు పక్కనున్న చిన్న మీట లాగాడు.

ఇంజిన్ నోరు మూసుకుంది.

"పెట్రోలు బండికి నిప్పు ఆపితే చాలు. డీజిల్‌కి తిండి ఆపాలి."

"ఆ మాత్రం మాకూ తెలుసు," అన్నాడు డార్సీ.

"తెలిసే తాళంతో ఆడుకుంటున్నావా?" అంది నోలీన్.

ముసలాయన పేరు క్లారీ. దారిన పోతూ చప్పుడు విని ఆగానన్నాడు. ఆ దారి వీళ్ళ గేటు దగ్గరే ఆఖరవుతుందన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

కంచె తీగ ముక్క ఒకటి మీటకి కట్టి, స్టీరింగ్ పక్కదాకా లాగి, చివర సొరుగు పిడి ఒకటి తగిలించాడు. పిడి లాగితే ఇంజిన్ ఆగుతుంది. డార్సీ చిన్నపిల్లాడిలా నాలుగుసార్లు లాగి చూశాడు.

తర్వాత క్లారీ సీట్లో కూర్చుని బ్రేకు తొక్కాడు. మళ్ళీ తొక్కాడు. మూడోసారికి పెడలు రాయిలా బిగుసుకుంది. ఆయన ముఖంలో నవ్వు పోయింది.

"లారీ డైనమో ఏంచేశారమ్మా?"

"అది ఇరవైనాలుగు వోల్టులది. మనకి పనికిరాదని పారేశాం. పికప్‌కున్న పాతదే పెట్టాం."

"దాని వీపున చిన్న పంపు ఉండాలే?"

"పంపా?" అన్నాడు డార్సీ.

"బ్రేకుకి బలం ఇచ్చేది అదే. పెట్రోలు ఇంజిన్ అయితే ఆ బలం తనే ఇస్తుంది. దీనికి చేతకాదు. టన్ను నీళ్ళతో గుట్ట దిగేటప్పుడు తెలిసొచ్చేది మీకు."

రేపు స్టీరింగ్ పట్టుకోవలసింది నోలీనే.

డార్సీ తుక్కు కుప్ప దగ్గరికి పరిగెత్తాడు. పారేసిన డైనమోని సాలెగూడుతో సహా పట్టుకొచ్చాడు.

కరెంటు తీగలు కలపకుండా, పంపు కోసమే దాన్ని పాతదాని పక్కన బిగించేసరికి మధ్యాహ్నం దాటింది. నోలీన్ టీ కాచింది. కప్పులు రెండూ ఇంజిన్ ఆయిలుతో జిడ్డోడుతున్నాయి. జామ్ సీసా ఒకటి కడిగి, అందులో పోసి ఇచ్చింది.

"ఆ మేకుకున్న నీలం కప్పు ఖాళీయే కదా?" అన్నాడు క్లారీ.

"అది వేరే ఆయనది," అంది నోలీన్. "తొమ్మిదేళ్ళ కిందట పెద్ద కరువులో ఎవరో చిన్న లారీతో గడ్డి తెచ్చి మా గేటు దగ్గర దింపి పోయేవాడు. ఏడుసార్లు తెచ్చాడు. పేరు లేదు, చీటీ లేదు. మా మంద నిలబడింది ఆ గడ్డితోనే. 'ఆ మహానుభావుడికి ఒక్క టీ అయినా పోయలేకపోయానే' అని నాన్న పోయేదాకా బాధపడ్డాడు. ఈ కప్పు నాన్నే ఆయన కోసం కొని తగిలించాడు. మేం ముట్టుకోం."

"పోయిన క్రిస్మస్‌కి నేను ముట్టుకుంటే చెయ్యి విరిచినంత పని చేసింది," అన్నాడు డార్సీ.

క్లారీ కప్పు కేసి కాసేపు చూశాడు.

"సీసాయే మేలులే అమ్మా. ఎక్కువ పడుతుంది."

మూడుసార్లు నింపించుకున్నాడు.

"బ్రేకు పేరు చెప్పి తన ట్యాంకు నింపుకుంటున్నాడు," అని గొణిగాడు డార్సీ. నోలీన్ మోచేత్తో పొడిచింది గానీ నవ్వు ఆపుకోలేకపోయింది.

వెళ్ళేటప్పుడు ముసలాయన బానెట్ మీద రెండుసార్లు తట్టాడు.

"పొద్దున స్టార్ట్ చేశాక ఇరవై లెక్కపెట్టి కదిలించు. దీనికి తొందర గిట్టదు."

మర్నాడు నోలీన్ ఇరవై లెక్కపెట్టింది. గుట్ట మలుపులో బ్రేకు మెత్తగా, మర్యాదగా పట్టింది. కింద ఆవులు తొట్టిలో మూతులు పెట్టి గటగటా తాగుతుంటే ఆమెకి కడుపు నిండిపోయింది. నాన్న ఉంటే ఎంత సంబరపడేవాడో అనుకుంది.

ఇంటికి రాగానే పాత బళ్ళ యార్డు నడిపే బాసిల్‌కి ఫోన్ చేసింది.

"బాసిల్, నువ్విచ్చిన ఇంజిన్ బంగారం!"

"అవునుగానీ, క్లారీ వచ్చాడా? వయసైపోయి తోలలేక లారీ మాకు అమ్మేశాడు. ఇంజిన్ ఎవరు కొన్నారని అడిగితే మీ పేరు చెప్పాను. బ్రేకు పంపు పారేసి ఉంటారు, ఓసారి చూసొస్తానన్నాడు."

"ఆ లారీ ఆయనదా? మరి మా ఇల్లు అంత తేలిగ్గా ఎలా పట్టుకున్నాడు? బోర్డు కూడా లేదే!"

"దారి చెప్పబోతే అక్కర్లేదన్నాడు. నేనూ అదే అడిగాను నోలీన్."

బల్ల మీద జామ్ సీసా అడుగున టీ ఆకు ఇంకా తడిగానే ఉంది. మేకు మీద నీలం కప్పుకి దుమ్ము పట్టి ఉంది.

"ఆయన నవ్వి, మీ గేటు తనకీ ఆ ఇంజిన్‌కీ కొత్త కాదు, కరువప్పుడు ఏడుసార్లు గడ్డి వేసుకుని వచ్చామన్నాడు."