ఒడ్డున కందీలు

లాంతరు మూడోసారి ఆరిపోయింది. భూమవ్వ మళ్లీ అగ్గిపుల్ల గీసింది.

గోదావరి మీద పొద్దు గుంకుతోంది. లక్సెట్టిపేట వైపు ఒడ్డు మబ్బుల్లో కలిసిపోయింది. ఆమె మొగుడు హనుమండ్లు పడవ ఆ దిక్కు నుంచే రావాలి. పడవ నిండా దొంగ టేకు దుంగలు.

గుడిసె వెనక ఫారెస్టు జీపు. గుమ్మంలో రేంజరు విద్యాధర్, బీట్ గార్డు కుమార్. భూమవ్వ ఫోను రేంజరు జేబులో.

ఈసారి దొరికితే హనుమండ్లుకు జైలే. పడవా పోతుంది.

"సార్, గా కందీలు వద్దు," అన్నాడు కుమార్. "వెలుగుల మనం కనవడ్తం. ఆర్పేద్దాం."

భూమవ్వ లాంతరుకు అడ్డంగా నిలబడింది.

"నీ కాల్మొక్త సారూ! గాలి జూస్తలేరా? నీళ్లల్ల అన్నీ బండలే. కందీలు లేకుంటే పడవ పగుల్తది. జైలుకన్న పోనీ, పానంతోనన్న ఉంటడు."

కుమార్ నవ్వాడు. "మొగని మీద గంత పాయిరమున్నదానివి, గీ పనికెందుకు తోలినవక్కా?"

"నా మాట ఇనేటోడైతే నీ మొఖం నేనెందుకు జూస్త?"

విద్యాధర్ లేచాడు. "నువ్వు ఊకో కుమార్. మా బాపు ముప్పై ఏండ్లు సముద్రం కాడ లైట్‌హౌస్‌ల కొలువు జేసిండు. ఎనుకట కట్టెలు మండబెట్టేటోళ్లట. తర్వాత నూనె దీపం. గిప్పుడు కరెంటు. ఏదైనా గానీ, దీపం ఆర్పుడంటే మనిషిని ముంచుడే అంటుండె."

లాంతరు అందుకున్నాడు.

"గింత మసి పట్టిందాక ఉంచుతరా అక్కా? అద్దం తుడిస్తే సగం పని అయిపాయె."

రుమాలుతో చిమ్నీ లోపలా బయటా తుడిచాడు. కాలిన వత్తి కొస గిల్లేశాడు. బుడ్డి ఊపి చూసి గాసునూనె పోయించాడు. ఈసారి మంట నిలకడగా నిలిచింది.

భూమవ్వకు నిలకడ లేదు. వాకిట్లోకి వెళ్తుంది, నీళ్లకేసి చూస్తుంది, మళ్లీ వస్తుంది.

"జర మీదికి పెట్టుండ్రి సారూ. గింత కిందికుంటే ఏం కనవడ్తది?"

దూరంగా నీళ్ల మీద నల్లటి చుక్క కదిలింది.

"అగో, వస్తుండు," కుమార్ గొంతు తగ్గించాడు.

విద్యాధర్ లాంతరును వెదురుగడకు తగిలించాడు. ఎగిసే గాలిలో గడను తానే రెండు చేతులా నిటారుగా ఎత్తి పట్టుకున్నాడు.

నడి గోదావరిలో పడవ ఒక్క క్షణం ఆగి, గిర్రున వెనక్కి తిరిగింది. ఒడ్డున దీపం కనబడితే రావద్దన్నది ఆ మొగుడూ పెళ్లాలు పెళ్లైన ఏడాదే పెట్టుకున్న గుర్తు.