నాగూర్ వలి పూచీ

"ఏంది మేస్త్రీ, శవాన్ని లేపుకొచ్చినావా? ఈ ఎముకల గూడు నా కార్ఖానాలో పడి చస్తే పాడె నువ్వు కడతావా?"

షావుకారు ఆ మాట అనేసరికి పలకలు ఏరుతున్న ఆడవాళ్లంతా కిసుక్కుమన్నారు. గడప దగ్గర నిలబడ్డ చెంచమ్మకు ఒళ్లు భగ్గుమంది. పక్కనున్న నాగూర్ వలి మేస్త్రీ ఏం జవాబిస్తాడో అని చూసింది.

"అవునవును షావుకారూ, మీరన్నదే న్యాయం" అన్నాడు ఆ పెద్దమనిషి చేతులు కట్టుకుని. "ఈమెకు నేను పూచీ. నా ఎదురుగానే కూర్చోబెట్టుకుంటా."

"తేడా వచ్చిందంటే ఇద్దరికీ చోటుండదు!"

మేస్త్రీ వంగి సలాం పెట్టాడు.

న్యాయమంట న్యాయం! పాడె మాట న్యాయమా? చెంచమ్మ పళ్లు కొరుక్కుంది.

మార్కాపురం పలకల పనిలో ఆమెకు గురువు ఆయనే. పలకను వేళ్ల మీద నిలబెట్టి మెటికతో కొడితే ఖంగున మోగాలి. బొంగురుగా పలికిందా, లోపల కంటికి ఆనని నెర్రె ఉన్నట్టే, అవతల పారేయాలి. మంచివాటికి చట్రాలు కట్టి మద్రాసు రైలెక్కిస్తారు. ఏరడంలో మేస్త్రీ తరువాత చెంచమ్మే అని పేరు.

ఆ ఏడు వానలు వెనకపట్టగానే చలిజ్వరం ఊరిని పట్టి కుదిపింది. ఇద్దరూ మంచమెక్కారు. మేస్త్రీ చలిజ్వరానికిచ్చే చేదు కొయినా మాత్రలు, చెవులు హోరెత్తుతున్నా మానకుండా, గుప్పిళ్లతో మింగి ముందుగా లేచాడు. చెంచమ్మ మాత్రలకు భయపడి కషాయాలే తాగింది. చలికాలం దాటితే గాని నిలబడలేకపోయింది. అప్పటికి ఆమె చోట్లో పుష్పమ్మ కూర్చుని ఉంది. ఇక మిగిలింది పలకరాయి తవ్వే గుంతలో దిగి రాళ్లు మోయడమే. జ్వరం తినేసిన ఆ ఒంటితో గుంతలోకి దిగడమంటే చావును పిలుచుకోవడమే.

అట్లాంటప్పుడు మేస్త్రీ తనంతట తానే ఇంటికొచ్చాడు. "నడువు బిడ్డా, నీ చోటు నీకిప్పిస్తా" అని, ఆమెను నోరు తెరవనివ్వకుండా లేవదీశాడు. దేవుడే గడపలోకి వచ్చాడనుకుంది చెంచమ్మ.

ఇదీ ఆ దేవుడి నిర్వాకం.

షావుకారు లోపలికి పోగానే మేస్త్రీ ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని, "నువ్వు కొట్టు బిడ్డా. మంచిదైతే తల ఊపు. కాకుంటే ఊపొద్దు" అన్నాడు.

చెంచమ్మ పలక మీదికి తల వంచుకునే గొణిగింది. "తల ఊపేదానికి నేనేమన్నా గంగిరెద్దునా మామా? నోటితో చెబితే పనికిరాదా?"

"ఊఁ, కొట్టు కొట్టు."

కొట్టింది. ఊపింది. ఆయన చూపు ఆమె మొహం మీద నుంచి కదిలితే ఒట్టు. పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లను కూడా ఎవరూ అట్లా కాపలా కాయరు.

"ఏం చెంచమ్మక్కా, మళ్లీ ఓనమాల కాడికొచ్చినావే!" అంది వెనక నుంచి పుష్పమ్మ. "రేపు పలక కూడా మేస్త్రీనే పట్టుకుంటాడేమో!"

షెడ్డంతా గొల్లుమంది. చెంచమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "చూడు మామా, ఎట్ల ఎక్కిరిస్తుందో! నువ్వు ఒక్క మాటన్నా అనవా?"

మేస్త్రీ కిందికి వంగి ఇంకో పలక తీసి ఆమె చేతికిచ్చాడు.

అన్నాల వేళకు చెంచమ్మ సద్దిమూట విప్పకుండానే లేచింది. మేస్త్రీ తినేసి, పలకల దొంతికి ఇవతల నులకమంచం మీద అటు తిరిగి కూర్చుని, తమలపాకుకు సున్నం రాసుకుంటున్నాడు. ఆమె వచ్చి ఆయన వెనక నిలబడింది.

"మామా! నాకు పని నేర్పింది నువ్వు. నీకే నామీద నమ్మకం లేకుంటే ఈ చోటు నాకెందుకు? పోతా, ఆ గుంతలోనే పడి చస్తా!"

ఆయన వక్క పలుకు నోట్లో వేసుకున్నాడు.

"నీతోనే మామా! నేను మనిషిననుకున్నావా, మొద్దుననుకున్నావా? జవాబు చెప్పు!"

ఆయన ఇంకో ఆకు తీసి తొడిమ తుంచాడు.

అంత చులకనా! చెంచమ్మకు కళ్లు బైర్లు కమ్మాయి. నిలువెత్తు పలకల దొంతిని రెండు చేతులా ఒక్క తోపు తోసింది. కొండ విరిగినట్టు దొంతి బండల మీద పడి ముక్కలు ముక్కలైంది. పుష్పమ్మ కెవ్వుమంది. షావుకారు గదిలోంచి పంచె ఎగగట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. గుంతలో ఉన్న కూలీలు కూడా ఏం కొంప మునిగిందోనని పైకెక్కి వచ్చారు.

నాగూర్ వలి ఒక్కడే తిరిగి చూడలేదు.