పనస చెక్క మీద విమానం

“ఎడమ రెక్క కింద చిన్న సొట్ట ఉండేది. అది పెట్టలేదేటి?”

ఇంద్రజ మాటకు నారాయణరావు చేతిలో ఉప్పుకాగితం ఆగిపోయింది. ఆ సొట్ట సంగతి ఆమెకెలా తెలుసని అడగబోయి మానుకున్నాడు. పృథ్వీ చెప్పే ఉంటాడు. ఆ విమానం ఊసు లేకుండా వాడెప్పుడు అన్నం తిన్నాడు గనక!

“పెడతానమ్మా,” అన్నాడు.

“అమ్మా గిమ్మా వద్దు. పని సూడండి.”

మూడు నెలలుగా ప్రతి ఆదివారం ఇదే వరస. పలాసలో బస్సెక్కి మందసలో దిగుతుంది. అతని ఇంటి వసారాలో కుర్చీ లాక్కుని కూర్చుంటుంది. మంచినీళ్ళిచ్చినా ముట్టుకోదు. ఒకప్పుడు నోరారా ‘మావయ్యా’ అన్న మనిషి ఇప్పుడు ‘నారాయణరావు గారూ’ అంటుంది. అది వినపడినప్పుడల్లా అతను తల మరికాస్త వంచుకుంటాడు.

ఆమె భర్త పృథ్వీ, నారాయణరావుకు వరసకు అన్నకొడుకు. పై రాష్ట్రంలో విమానం నడపడం నేర్పే ఒక సంస్థలో నారాయణరావు అప్పట్లో మెకానిక్కు. వాణ్ణి అక్కడ చేర్పించింది అతనే. నేర్చుకోవడానికి వచ్చినవాడు కొన్నేళ్ళకు నేర్పేవాడయ్యాడు. రెండేళ్ళ కిందట ఒక పొద్దున పృథ్వీ, శిక్షణకొచ్చిన పంతొమ్మిదేళ్ళ అమ్మాయీ ఎక్కిన విమానం సముద్రంలో కూలిపోయింది. శవాలు దొరికాయి. ఇంజను దొరకలేదు, విమానంలోనే ఉన్న, మరమ్మతుల వివరాలు రాసే లాగ్‌బుక్కూ దొరకలేదు. ఆ వేళప్పుడు మైదానంలో వాళ్ళిద్దరూ కాక ఉన్నది నారాయణరావు ఒక్కడే.

“ఇంజను చూసింది నేనే. బాగుందని పంపించింది నేనే,” అని విచారణలో చెప్పాడు.

లైసెన్సు పోయింది. చనిపోయిన అమ్మాయి తల్లి నలుగురిలో అతని చొక్కా పట్టుకుని, ఓపిక అయిపోయేదాకా కొట్టింది. ఊరొచ్చి మోటారు పంపులు బాగుచేసుకుని బతుకుదామనుకుంటే, “నువ్వు సెయ్యెట్టింది మాకొద్దు బాబూ,” అని తోటల వాళ్ళు మొహం మీదే అనేశారు.

అలాంటి మనిషి గుమ్మం ఇంద్రజ తొక్కిందంటే అది కూతురి కోసమే. పదేళ్ళ ప్రమోదిని, నాన్న నడిపిన విమానం కావాలని రెండు రోజులు అన్నం మానేసింది. బజారు బొమ్మ కాదు, అచ్చం అదే కావాలి. దాని ప్రతి రివెట్టూ తెలిసిన మనిషి ఈ చుట్టుపక్కల ఒక్కడే ఉన్నాడు.

నారాయణరావు తేలిక చెక్కతో ఒళ్ళు చెక్కాడు. పలచటి రేకుతో రెక్కలు కత్తిరించాడు. అసలుదానికి ఇరవై నాలుగో వంతు. రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు మూరెడు. దాన్ని నిలబెట్టే పీటకు మాత్రం మంచి చెక్క కావాలనుకున్నాడు. తుపానుకు పెరట్లో కూలిన పనసమాను నుంచి ఒక ముక్క కోసి, చిత్రిక పట్టి, నూనె రుద్దేసరికి పసుపు రంగు తేలింది. దాని మీద ఇత్తడి కడ్డీ వంచి బిగించాడు. విమానం అప్పుడే నేల విడిచినట్టు నిలబడింది.

ఆ సాయంత్రం ఇంద్రజ వెళ్ళిపోయాక భార్య పైడితల్లి వచ్చి పక్కన కూలబడింది.

“ఇంకెన్నాళ్ళు కడుపులో దాసుకుంటావు? ఆ ఇంద్రజకి ఉన్నది ఉన్నట్టు సెప్పీ. నీ బరువు దిగుద్ది.”

“సెప్పి ఏటి సాధిత్తాం? పోయినోళ్ళు తిరిగొత్తారా?”

“నాకు నీ మొహం సూడలేకపోతన్నాను.”

“ఊరుకోవే,” అని సొట్ట నొక్కడానికి సన్న సుత్తి వెతుక్కున్నాడు.

తరవాతి ఆదివారం ఇంద్రజతో ప్రమోదిని కూడా వచ్చింది. విమానం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. దగ్గరకొచ్చి పంకా రెక్కను వేలితో తాకితే గిర్రున తిరిగింది. పిల్ల నవ్వింది. అచ్చం పృథ్వీ నవ్వే. నారాయణరావు మొహం తిప్పుకున్నాడు.

“తాతా,” అంది పిల్ల, విమానం మీంచి చూపు తిప్పకుండానే. “మా బళ్ళో ఒకమ్మాయి అంతంది, విమానంలో ఉన్న ఆ అక్కని మా నాన్నే సంపీసినాడంట. నిజమేనా?”

ఇంద్రజ మొహంలో నెత్తురు చుక్క లేదు. రెండేళ్ళలో మొదటిసారి ఆమె అతని వైపు కోపం లేకుండా చూసింది. బతిమాలుతున్నట్టు చూసింది.

తలుపు దగ్గర పైడితల్లి, “ఇప్పుడైనా…” అని ఏదో అనబోయింది. నారాయణరావు చెయ్యెత్తి ఆపాడు. పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

“కాదమ్మా. మీ నాన్న బంగారం. ఇంజను బాగోలేదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే పంపించినాను. తప్పంతా నాదే.”

ప్రమోదిని ఒకడుగు వెనక్కి వేసింది.

“అయితే నువ్వు నాకు తాతవి కావు.”

పీటతో సహా విమానాన్ని గుండెలకు హత్తుకుని మెట్లు దిగిపోయింది. ఇంద్రజ రెండడుగులు వేసి ఆగింది.

“ఎందుకు పంపించినారు మావయ్యా?”

ఆ పిలుపు ఆమెకు తెలియకుండానే వచ్చేసింది. ఆమె మోచేత్తో కళ్ళు తుడుచుకుంది.

“ఇంక మీ మొహం నా కూతురికి సూపించకండి.”

బస్సు కదిలిన చప్పుడు విని పైడితల్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నారాయణరావు లేచి, వసారాలో రాలిన చెక్కపొట్టు ఒక మూలకు ఊడ్చాడు.

ఆ పొద్దున, ఇంజను బాగోలేదని చెప్పి విమానానికి అడ్డంగా నిలబడ్డ అతన్ని పక్కకు నెట్టి ఎక్కింది పృథ్వీయే.