రోజుకొక్క సీను

ఫిలింనగర్‌లో దేవమ్మ టీ బండి పక్కనున్న చెత్తడబ్బాలో వరప్రసాద్ తన కథ ఫైలు పడేశాడు.

పట్టుమని పది అడుగులు వేశాడో లేదో, వెనక నుంచి ఎవరో పిలిచారు.

"బాబూ, మీ ఫైలు పడిపోయింది."

"పడిపోలేదండీ. నేనే పడేశాను."

చెత్తడబ్బాలోంచి ఫైలు తీసి పట్టుకొచ్చిన ఒక పెద్దాయన ఆ మాట వినిపించుకోలేదు. అట్టకు అంటిన టీ పొడిని జేబురుమాలుతో తుడిచాడు.

"అయితే కథ చెప్పండి. చదువుదామంటే కళ్ళజోడు తేలేదు."

వరప్రసాద్ ఆయన్ని ఎగాదిగా చూశాడు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, నలగని ఇస్త్రీ. ఫిలింనగర్‌లో అలాంటి బట్టల్లో అలాంటి మాట అనేవాడు నిర్మాత కాక ఇంకెవరవుతాడు?

ఏడేళ్ళు అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేసి, మరో నాలుగేళ్ళు కథ పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగినవాడు వరప్రసాద్. శ్రీనగర్ కాలనీలో ఇల్లు. రోజూ పొద్దున్నే భార్య ప్రణతికి సినిమా కథ డిస్కషన్ ఉందని చెప్పి బయల్దేరతాడు. ఏ డిస్కషనూ లేదు. నెలల తరబడి నిద్ర లేదు, అన్నం సయించడం లేదు. ఆ ఉదయం ఫైలుతో పాటు ప్రాణం కూడా వదిలేద్దామనే అనుకున్నాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మగాడన్నాక ఇలాంటివి పైకి చెప్పుకుంటాడా అనుకున్నాడు. మన మగవాళ్ళ తెలివి అలాగే ఉంటుంది.

నిర్మాత అడిగాక కాదనలేక కూర్చున్నాడు.

"ఓపెన్ చేస్తే, సిటీ బస్సు. కిటికీ పక్కన మన హీరో..."

ఒక్క సీను అయ్యేసరికి పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు.

"ఇవాళ్టికి చాలు. మిగతాది రేపు. వస్తారుగా?"

రెండు గంటల కథని రోజుకొక్క సీను చొప్పున వినే నిర్మాతని వరప్రసాద్ ఎక్కడా చూడలేదు. అయినా మర్నాడు వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు.

ఆయన పేరు త్రినాథరావు అని మూడో రోజు తెలిసింది. ఎప్పుడు చూసినా అవే తెల్లబట్టలు. ఇలాంటివి డజను జతలు ఉండి ఉంటాయిలే అనుకున్నాడు వరప్రసాద్.

కథ మధ్యలో త్రినాథరావు వింత ప్రశ్నలు వేసేవాడు. హీరో పొద్దున ఏమైనా తిన్నాడా అనేవాడు. ఇంత బాధలో ఉన్నవాడు పెళ్ళానికి ఎందుకు చెప్పడు అని ఒకరోజు అడిగాడు.

"చెబితే చులకనైపోతాడండీ."

"ఒక్క సీనులో చెప్పించి చూడండి."

ఆ సీను రాద్దామని కూర్చుంటే ఒక్క డైలాగూ రాలేదు. చివరికి ఆ సాయంత్రం ప్రణతి దగ్గర తనే నోరు విప్పాడు. ఆమె చులకన చెయ్యలేదు. చెయ్యి పట్టుకుని ఏడ్చింది. మర్నాడు తనే వెంటబెట్టుకుని మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళింది. పది రోజులు మందులు వాడాక కాస్త నిద్ర పట్టింది.

నలభయ్యో రోజున క్లైమాక్స్ చెప్పాడు. హీరో మేడ ఎక్కుతాడు. మళ్ళీ మెట్ల మీద కనిపించడు.

త్రినాథరావు తల అడ్డంగా ఊపాడు.

"ఇది వద్దు బాబూ. రాసింది మీరేగా, మార్చండి."

"మారిస్తే సినిమా తీస్తారా?"

"నేనా?" పెద్దాయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "పోస్టాఫీసులో చేసి రిటైరయ్యానండీ నేను."

వరప్రసాద్‌కి ఒళ్ళు మండిపోయింది.

"అయితే ఈ నలభై రోజులూ కాలక్షేపమా? మీకు నేనే దొరికానా?"

ఫైలు లాక్కుని లేచాడు. రేపు వస్తారుగా అని వెనక నుంచి మెల్లగా వినిపించింది. అతను తిరిగి చూడలేదు.

రెండు నెలలు అటువైపే పోలేదు. ఈలోగా ఒక వెబ్ సిరీస్‌కి మాటలు రాసే పని దొరికింది. ఒక ఆదివారం పాత కథ ముందేసుకుంటే, ఈసారి హీరో మేడ దిగి వచ్చేశాడు. అది రాస్తుంటే వరప్రసాద్‌కి పెద్దాయన గుర్తొచ్చి సిగ్గేసింది. తెల్లారగానే ఫైలుతో దేవమ్మ బండి దగ్గరికి వెళ్ళాడు.

"గాయన పోయి పన్నెండు రోజులాయె బిడ్డా," అంది దేవమ్మ. "గుండెనొప్పి. నువ్వు రాకున్నా రోజూ వచ్చిండు. ఫైలు బాబు కనబడ్డడా అని అందర్నీ అడిగిండు. నువ్వు మంచిగున్నవని తెల్వక మస్తు పరేషానయిండు."

దేవమ్మ చెప్పిన గుర్తులతో వెంగళరావు నగర్లో ఇల్లు వెతికి పట్టుకున్నాడు. త్రినాథరావు భార్య శారదాదేవి తలుపు తీసింది. ముందుగది గోడకు రెండు ఫోటోలు ఉన్నాయి. కొత్త దండ త్రినాథరావుకి, వాడిన దండ ముప్పై ఏళ్ళ కుర్రాడికి.

ఫైలు చూడగానే ఆమె గుర్తుపట్టింది.

"కథ చెప్పే బాబు మీరేనా? బాగున్నారా?"



"బాగున్నానండీ. ఆయన వల్లే ఉన్నాను. ఆ తెల్లబట్టలు చూసి నిర్మాత అనుకుని, కాదని తెలిశాక ఒక మాట తూలాను."

శారదాదేవి కుర్రాడి ఫోటోకి వాడిన దండ సర్దుతూ అంది.

"ఆ బట్టలు మా అబ్బాయి చంటి కుట్టించాడు బాబూ, వాడి మొదటి సినిమా ముహూర్తానికి వాళ్ళ నాన్న వేసుకోవాలని. ‘నాన్నా, ఒక్కసారి నా కథ వినవా’ అని వాడు ఎనిమిదేళ్ళు అడిగినా వినని మనిషి, వాడు ప్రాణం తీసుకున్నాక ఆ బట్టలే ఉతికి వేసుకుని, రోజూ ఆ ఫిలింనగర్‌లో ఒంటరిగా కూర్చున్న పిల్లల కథలు వినడానికి వచ్చేవారు."