పురుగుల చారు

"ఇంకా ముట్టలేదు," అంటూ నవీన్ మేడ మెట్లు దిగి వచ్చాడు.

వంటింట్లోని ఆడవాళ్లందరూ ఒక్కసారిగా నిట్టూర్చారు. కీసర నుంచీ సూరారం నుంచీ వచ్చిన చుట్టాలు హాల్లో గోడలకు ఆనుకుని డీలాపడి కూర్చున్నారు. పొద్దు నడినెత్తి దాటి చాలాసేపయింది. అయినా సరే, ఇంటి పెద్ద అంజయ్య ముట్టందే ఎవరూ మెతుకు నోట్లో వేసుకోవడానికి లేదు.

మేడ మీద విస్తరి వేసి అన్నీ వడ్డించారు. తలకాయ కూర, నాటుకోడి పులుసు, శామీర్‌పేట చెరువు కొర్రమీను, భార్య మనోరమ తన చేత్తో కాల్చిన జొన్నరొట్టె. పక్కనే సీసాలో కల్లు. అంజయ్యకు ఏవి ఇష్టమో మేడ్చల్‌లో తెలియనివాళ్లు లేరు. ఒక్కటీ తక్కువ చేయలేదు.

"నలభై ఏండ్ల సంది వండిపెట్టిన," అంది మనోరమ, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. "గీ ఒక్క పూట నా చేతి కూడు ఎందుకు నచ్చుతలేదో సమజ్ అయితలేదు."

"అలిగిండు," అంది అంజయ్య అక్క యాదవ్వ. షుగర్ మాత్ర గుప్పిట్లో పట్టుకుని పొద్దున్నుంచీ కూర్చుంది ఆవిడ. "చిన్నప్పటి సంది వాడు గంతే."

అలకలో అంజయ్యకు పెద్ద పేరే ఉంది. తమ్ముడి కూతురి పెళ్లిలో మటన్ కూరలో తనకు నల్లిబొక్క పడలేదని విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. పెళ్లికొడుకు తండ్రి స్వయంగా వచ్చి గడ్డం పట్టుకుని బతిమాలితే గానీ మళ్లీ కూర్చోలేదు.

"అందరు గుడ్లప్పగించి చూస్తుంటే ఎట్ల తింటడు? జర పక్కకు జరుగుండ్రి," అని యాదవ్వ కింది నుంచే కసిరింది. మేడ మీది మగవాళ్లంతా మెట్ల గదిలోకి వచ్చి తలుపు వెనక నక్కారు. నవీన్ మళ్లీ పైకి వెళ్లి తండ్రిని బతిమాలడం మొదలుపెట్టాడు.

"బాపూ, జర వచ్చి తినరాదే. పిల్లలు ఆకలితోని పరేషాన్ అయితుండ్రు."



నవీన్ భార్య స్నిగ్ధ పొయ్యి పక్కన నిలబడి పెదవి కొరుక్కుంటోంది. మామకు ఏం కావాలో ఆమెకు తెలుసు. నోరు విప్పడానికే లేదు, మాటిచ్చింది.

స్నిగ్ధ ఆఫీసు కొంపల్లిలో. ఇల్లు చేరేసరికి పొద్దు పోతుంది. గురువారాలు అత్తగారు భజనకు వెళ్తుంది కనుక ఆ పూట వంట ఆమెదే. ఒక్క గిన్నెలో అన్నీ పడేస్తే అయిపోతుందని పాస్తా సూప్ చేయడం మొదలుపెట్టింది. మొదటిరోజే అంజయ్య గరిటెతో ఎత్తి చూసి, "ఏందిది, పురుగుల చారా?" అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. మర్నాడు చాయ్ హోటల్ దగ్గర కూర్చుని, కోడలు పురుగుల చారు పెట్టిందని, తాను చేత్తో కూడా ముట్టలేదని ఊరందరికీ చెప్పుకున్నాడు. స్నిగ్ధ నిజంగానే ఏడ్చింది.

కొన్ని వారాల తర్వాత అందరూ టీవీ ముందుండగా మంచినీళ్లకని వంటింట్లోకి వచ్చింది. అంజయ్య ఫ్రిజ్ చాటున గిన్నె ఒళ్లో పెట్టుకుని అడుగు గోకుతున్నాడు. మీసానికి ఒక పాస్తా ముక్క అంటుకుని ఉంది.

"బిడ్డా, ఎవ్వలకు చెప్పకు," అన్నాడు. "ఊరంత చాటింపేసిన. ఇజ్జత్ పోతది."

గుమ్మం దాటుతూ ఆగి, "కారం జర ఎక్కువెయ్యి," అన్నాడు.

అప్పట్నుంచి గురువారం సూప్ ఒక గిన్నెడు ఎక్కువే చేసింది. కారమూ దట్టించింది. సూప్‌లో గింత కారమేందని నవీన్ ముక్కు తుడుచుకుంటే, ఇటలీలో ఇట్లాగే తింటారని బుకాయించింది.

ఇప్పుడు చెబితే మామ పరువు పోతుంది. చెప్పకపోతే యాదవ్వ కళ్లు తిరిగి పడేలా ఉంది. స్నిగ్ధ ఇంకేం ఆలోచించకుండా గిన్నె పొయ్యి మీద పెట్టింది. వెన్నలో వెల్లుల్లి, ఉల్లిగడ్డ వేయించి, టమాటాలు, క్యారెట్ ముక్కలు వేసి మగ్గించింది. నీళ్లు పోసి, మరగగానే అందులోనే పాస్తా పోసింది. మిరియాల పొడి, ఆపైన ధారాళంగా కారం, చివర కాస్త మీగడ.

"గిదెవలికి?" అంది మనోరమ.

"మామకు."

"నీకేమన్న మతి తప్పిందా బిడ్డా? నాటుకోడినే ముట్టలేదు. ఇంతమందిల గా పురుగుల చారు పెడితే ఇంకింత అలుగుతడు."

"ఒక్కసారి చూద్దాం అత్తమ్మా. తినకుంటే నన్నే తిట్టుండ్రి."

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. యాదవ్వ మాత్రం, "ఏదో ఒకటి జల్దీ పెట్టుండ్రే, నా పానం పోయేటట్టున్నది," అంది. ఆకలి ముందు ఎవరి అభ్యంతరాలూ నిలవలేదు.

నవీన్ సూప్ దొన్నె తీసుకెళ్లి విస్తరిలో పెట్టి, పరుగున వచ్చి తలుపు వెనక దాక్కున్నాడు. వెనకే స్నిగ్ధ, ఆమె భుజం మీదుగా మనోరమ, ఆ వెనక సగం మంది చుట్టాలు తలుపు సందులోంచి తొంగిచూస్తున్నారు. తింటే మామ ఇజ్జత్ పోతుంది, తినకపోతే తనది. అయినా తన చేతి వంట ఆయన ఇష్టంగా తినడం నలుగురూ ఒక్కసారి చూడాలని ఆమెకు ఎంతో ఆశగా ఉంది.

"మామా," అని గొణిగింది, "ఇయ్యాల ఒక్కనాడు ఇజ్జత్ సంగతి ఇడిచిపెట్టుండ్రి."

నీళ్ల ట్యాంకు మీది నుంచి ఒక కాకి దిగి, తలకాయ కూరను దాటి, కొర్రమీనును దాటి, దండ వేసిన అంజయ్య ఫొటో ముందున్న సూప్ దొన్నెలోకి తలంతా దూర్చింది.