బతికున్న మనిషికి గోడబొమ్మ

కొండమీద ఉంటున్న తన తల్లికి ఏమైనా అయిందేమోనన్నదే సుగ్గమ్మ భయమంతా. సవరల ఇళ్లలో గోడబొమ్మ చనిపోయినవాళ్లకే, అక్కడ వాళ్లకి కావలసిన వస్తువులతో సహా, గీస్తారు. బడిలో పాఠాలు చెప్పే మాట్లాడే గోడ మాత్రం, వారసత్వ పాఠమంటూ, ఆమె కూతురు మైనాచేత బతికున్న అమ్మమ్మకే గీయించింది.

“ఎవులకి గియ్యమన్నాదే?”

“ఇష్టమైన పెద్దోలికి గియ్యమందమ్మా. దువ్వెన కూడా పెట్టినాను. అమ్మమ్మకి కావాల గదా.”

“చెరిపీమని చెప్పు.”

“చెప్పినాను. మన సంస్కృతి చెరపకూడదంట.”

సాయంత్రానికి ఆ బొమ్మ మన్యంలోని బడిగోడలన్నిటిమీదా వెలిగింది. సుగ్గమ్మ చేతిపట్టీ ఫోనులోంచి తల్లిని పిలుస్తూనే ఉంది. అటునుంచి పలుకు లేదు. మైనా చెల్లెలు చంటిదాన్ని ఎత్తుకుని కొండకి బయలుదేరి, పొంగిన వాగు ముందు ఆగిపోయింది.

అటు కొండెక్కేవాళ్లు ఎవరైనా ఉంటే, చింతచెట్టు పక్కనున్న ఇంటి తలుపు కొట్టండి. ముసలామె పలికితే, ఈ గట్టుకి వినబడేలా ఒక్క కేక వెయ్యండి.